తమంతట తాము వదులుకునేవాళ్లు

దత్తాద్రి పోయిన పొద్దున హైదరాబాదులో ఒక చల్లని గదిలో కొందరు చప్పట్లు కొట్టారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. దత్తాద్రి ఎవరో వాళ్లకు తెలియదు. ఆ చప్పట్లు ఎందుకో నాకు తెలిసేసరికి మా గల్లీలో ఇంకో పీనుగు లేచింది.

మాది మానేరు ఒడ్డున సాంచల ఊరు. సాంచ అంటే కరెంటుతో నడిచే మగ్గం. మా కండెలవాడలో ఏ ఇల్లు చూసినా ముందర సాంచలు, వెనుక పొయ్యి, నడుమ మంచం, పైన రేకులు. తెల్లారింది మొదలు టకాటకా చప్పుడే. కొత్తగా వచ్చిన చుట్టాలు చెవుల్లో దూది పెట్టుకుంటారు. మాకు ఆ చప్పుడు ఆగితేనే గుండె జారుతుంది. కరెంటు పోతే ఆగుతుంది, సరే. కరెంటు ఉండగా ఆగిందంటే ఒక్కటే అర్థం.

గల్లీలో ఎవరైనా పోతే సాంచలు ఆపుతాం. ఎవరూ చెప్పరు. పోయిన ఇంటివాడు తన సాంచ ఆపుతాడు. పక్కింటివాడికి గోడ అవతల చప్పుడు తగ్గినట్టు తెలుస్తుంది, వాడూ ఆపుతాడు. అట్లా ఇంటి నుంచి ఇంటికి, నీళ్లు ఇంకినట్టు, గల్లీ చివరిదాకా. ఫ్యాన్లు, టీవీలు, నూలు కండెలు చుట్టే మిషిన్లు అన్నీ బంద్. ఆగిన సాంచ మీది తెల్లబట్ట కోసి పీనుగు మీద కప్పుతాం. పాడె గల్లీ మూల తిరిగేదాకా ఒక్క స్విచ్చి వెయ్యం. బతికినన్నాళ్లూ చప్పుడులో బతికిన మనిషికి మేము ఇవ్వగలిగింది అదొక్కటే.

దత్తాద్రికి కూడా అట్లాగే ఇచ్చాం. నాకు అన్న వరస. పక్కపక్క సాంచల మీద జీవితమంతా పనిచేశాం. నేను మాట్లాడను, వాడు ఆపడు. నా వంతు మాటలు కూడా వాడే మాట్లాడేవాడు.

ఆ పొద్దున మా గల్లీ తీగలో కరెంటు వాడకం ఒక్కసారిగా అడుగంటింది. హైదరాబాదు గదిలో గోడమీద ఒక గీత కిందికి పడింది. ఎవరూ కోత పెట్టలేదు, అయినా పడింది. అదే వేళకు ఎక్కడో మబ్బు పట్టి సూర్యుడి కరెంటు తగ్గింది. మేము వదిలింది దానికి సరిపోయింది. ‘చూశారా, తమంతట తామే వదిలారు’ అని చప్పట్లు కొట్టారు.

ఆ గదిలో ఉండాల్సిన నా బిడ్డ హారిక అప్పుడు మా గల్లీలోనే ఉంది. పెదబాపు పీనుగు దగ్గర కూర్చుని ఏడుస్తోంది.

*

ఆ గోడమీది యంత్రం పేరు తూకం. దాన్ని తయారుచేసిన నలుగురిలో హారిక ఒకతె.

బొగ్గు కేంద్రాలన్నీ మూసేసిన కాలం ఇది. అది మంచిపనే. నేను కాదనను. ఒకప్పుడు ఉత్తరం గాలి కొడితే తెల్లబట్ట మీద బూడిద రాలేది, సేటు మరకలు చూపించి ధర తగ్గించేవాడు. ఇప్పుడు బూడిద లేదు. డీజిలు జనరేటర్లు కూడా లేవు, నిషేధించారు. అంతా ఎండ కరెంటు, గాలి కరెంటు. అయితే ఎండకు మబ్బు అడ్డం వస్తుంది. గాలి తనకు తోచినప్పుడు కొడుతుంది. దాచిపెట్టే బ్యాటరీలు ఎన్ని ఉన్నా చాలడం లేదు. అప్పుడు ఎవరో ఒకరు ఆ క్షణాన బరువు దించాలి. దించకపోతే రాష్ట్రమంతా చీకటి.

ఎవరు దించాలో చెప్పేది తూకం.

అది పెట్టిన కొత్తలో హారిక మా మంచం మీద కూర్చుని జొన్నరొట్టె తింటూ వాళ్లమ్మకు చెప్పింది.

“పాడె మోసేటప్పుడు ఒకని భుజం నొస్తె ఇంకొకడు భుజం మారుస్తడు గదమ్మా. గట్లనే. ఎవలకు ఎంత ఓపిక ఉన్నదో తూకం చూస్తది. ఒకపారి ఈల్లు, ఒకపారి ఆల్లు. అందరు కొంచెం కొంచెం మోస్తరు.”

“పాడె ముచ్చట తప్ప నీకు ఇంకోటి దొరకలేదానే, తినేటప్పుడు?” అంది సత్తెవ్వ. మళ్లీ తనే, “మరి మాకు ఓపిక లేదంటె అదెట్ల ఇంటది? ఫోన్ చెయ్యాల్నా?” అని అడిగింది.

“ఫోన్లు ఇనదు. ఫోన్లు ఇనుడు పెడితె పెద్దోల్ల ఫోన్లే మోగుతయి. మంత్రి గల్లికి కోతుండదు, మన గల్లికే ఉంటది. అందుకే నేనే కొట్లాడి ఆ నియమం పెట్టిచ్చిన. గల్లి పేరు గూడ దానికి తెల్వది, నెంబరే. మాటను నమ్మదు, తీగను నమ్ముతది. తీగ అబద్ధం చెప్పదు. మనిషి చెయ్యి పెట్టరాదు.”

నాకు ఆ మాట నచ్చింది. నోరున్నవాడిదే రాజ్యమైన చోట నోరులేనివాణ్ణి కూడా చూసే యంత్రం ఒకటి వచ్చింది, అది నా బిడ్డ చేసింది అనుకున్నాను. ఆ రోజు రొట్టె మీద ఇంకొంచెం నెయ్యి వేయమన్నాను. సత్తెవ్వ నా మొహం వైపు వింతగా చూసింది.

*

ఎండాకాలం వచ్చింది. మా రేకుల కింద ఎండాకాలం అంటే నీడలో కూర్చున్నా వీపు మీద పెనం పెట్టినట్టు ఉంటుంది. ఎండ మండేటప్పుడు కరెంటు ఉండేది. పొద్దు గుంకగానే పోయేది. రేకులు పగలంతా మింగిన వేడిని కక్కేది అప్పుడే. మబ్బు పట్టినా పోయేది. గాలి ఆగినా పోయేది. పక్క బజారులో లైట్లు వెలుగుతూ ఉండేవి. బైపాసు అవతల కొత్త కాలనీలో ఏసీ డబ్బాలు గుయ్యిమంటూ ఉండేవి. మా గల్లీ మాత్రం నల్లగా.

ఒకరోజు కాదు. రోజూ.

దత్తాద్రి కొడుకు కిష్టహరి నా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. వాడికి నోట్లో మాట ఆగదు, తండ్రి పోలిక.

“కాకా, నీ బిడ్డ మిషిని మా మీద పగవట్టిందా ఏంది? ఊరందరికి ఒక కన్ను, మనకొక కన్నా? భుజం మార్చుకునుడు అన్నదట గద చెల్లె. మరి మన భుజమే ఎందుకు అరిగిపోతుంది?”

నేను తెగిన పోగు అతుకుతూ కూర్చున్నాను.

“మాట్లాడవు. నువ్వు మాట్లాడవు, నీ బిడ్డ మిషిను ఇనదు. సరిపోయిన్రు ఇద్దరు.”

వాడు ఫోన్ చేశాడు. ఫోన్లో ఒక ఆడగొంతు తీయగా పలికింది. ‘మీరు మీ అంతట మీరు విద్యుత్తు వదులుకుంటున్నారు. మీ సహకారానికి ధన్యవాదాలు.’ వాడు ఫోన్ను చెవి దగ్గర నుంచి తీసి పామును చూసినట్టు చూశాడు.

“ఎవడు వదులుకుండే! కాకా, ఇంటివా? మనకు దండాలు వెడుతుంది లంజది!”

అంతటితో అయిపోలేదు. ఒకరోజు తెల్లచొక్కా మనుషులు ఇద్దరు వచ్చి గల్లీ మూలన ఆకుపచ్చ పలక కొట్టారు. ‘ఆదర్శ వీధి. స్వచ్ఛందంగా విద్యుత్తును వదులుకున్న పౌరులకు అభినందనలు.’ వాళ్లు కొబ్బరికాయ కూడా తెచ్చారు. వాళ్లు పోయాక కిష్టహరి ఆ పలక పీకి, దాని మీద కూర్చుని బీడీ కాల్చాడు. గల్లీ అంతా నవ్వింది. ఆ నవ్వులో కడుపు మంట తప్ప ఇంకేం లేదు.

సత్తెవ్వకు దమ్ము మొదలైంది. కండెలు చుట్టీ చుట్టీ ఆమె ఛాతీలో దూది దుమ్ము పేరుకుంది. ఫ్యాన్ తిరిగితే కూర్చోగలదు. ఆగితే లేచి వాకిట్లోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నోరు తెరిచి నిలబడుతుంది. ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు ఉంటుంది చూసేవాళ్లకు. వెతికేది ఊపిరి. దవాఖానాలో డాక్టరు మందు రాసి, “వేడి తగలకుండా చూసుకోండి. గాలి ఆడాలి. అదే అసలు మందు” అన్నాడు.

అసలు మందు తీగలో ఉంది. తీగ తూకం చేతిలో ఉంది.

*

తర్వాత కోతలు కొంచెం తగ్గాయి. నిజంగానే తగ్గాయి. సత్తెవ్వ సాయంత్రం మంచం మీద కూర్చుని ముచ్చట పెట్టేంత అయింది. పీడ పోయిందనుకున్నాం.

అప్పుడే నర్సవ్వ పోయింది. దత్తాద్రి భార్య, కిష్టహరి తల్లి. ముందురోజు పొద్దు గుంకినాక పోయిన కరెంటు చాలాసేపు రాలేదు. ముసలామె తడిగుడ్డ మీద వేసుకుని పడుకుంది. తెల్లవారి చూస్తే గుడ్డ ఎండిపోయి ఉంది. ఆమె కూడా.

కరెంటు ఉంది. సాంచలు నడుస్తున్నాయి. కిష్టహరి సాంచ ఆగింది. తర్వాత పక్కది. తర్వాత మాది. గల్లీ అంతా నిశ్శబ్దం అయింది.

నేను హారికకు ఫోన్ చేశాను.

“నర్సవ్వ పోయింది బిడ్డా. సాంచలు బందైనయి.”

అవతల నుంచి మాట లేదు. ఏడుస్తోంది అనుకున్నాను. చాలాసేపటికి, “ఎప్పుడు బందైనయి బాపూ?” అంది.

“ఇప్పుడే. గీ గడియల్నే.”

తర్వాత నాకు చెప్పింది. ఆమె ఆ గోడ ముందే నిలబడి ఉందట. నా మాట చెవిలో పడేటప్పుడే కళ్లముందు ఒక గీత నేలకు పడిందట. పక్క కుర్చీలో పిల్లవాడు, “అదిగో, మన బంగారు లైను మళ్లీ వదిలింది మేడమ్” అన్నాడట. గీతకు పేరు లేదు. నెంబరే. పేరు ఉండొద్దని కొట్లాడింది తనే. ఇన్నాళ్లూ మెచ్చుకున్న ఆ బంగారు లైను తను పుట్టిన గల్లీ అని ఆమెకు అప్పుడు తెలిసింది. వెనక్కి వెళ్లి చూసుకుంటే మొదటిసారి పడిన రోజు దత్తాద్రి పోయిన రోజు.

మేము చావుకు ఇచ్చిన మర్యాదను అది ఓపిక అనుకుంది. అడగకుండానే వదిలే మనుషులు వీళ్లు, అరవరు, పట్టుకోరు, ముందు వీళ్ల దగ్గరే తీసుకోవచ్చు అని నేర్చుకుంది. తీగ అబద్ధం చెప్పదు. నిజమే. కానీ తీగకు ఏడుపు తెలియదు.

*

నర్సవ్వ దినాల నాడు హారిక వచ్చింది. భోజనాలు అయ్యాక గల్లీ అందరి ముందు నిలబడి మొత్తం చెప్పింది. ఏదీ దాచలేదు. తన ఆఫీసు పెద్దసారు దగ్గరికి పోయానని, ఆయన ఒప్పుకోలేదని, యంత్రంలో చెయ్యి పెట్టే తాళం ఒక్కరి దగ్గర ఉండదని, ఆ ఏర్పాటు కూడా తనదేనని చెప్పింది.

“దానికి మరుపు గూడ నేర్పినం. కొన్నాల్లు మల్ల గట్ల జరగకపోతె మర్చిపోతది. పెదబాపు అప్పటిది మర్చిపోవుడు మొదలైంది, అందుకే కోతలు తగ్గినయి. పెద్దమ్మ అప్పుడు మల్ల ఆపితిమి. మల్ల యాదికొచ్చింది. గానుగెద్దు లెక్క తిరుగుతుంది. కోత పెడ్తది, మనిషి పోతడు, మనం ఆపుతం, మల్ల కోత పెడ్తది. అందుకే చెప్తున్న. ఈసారి ఎవలన్న పోతె... సాంచలు ఆపకుండ్రి.”

గల్లీలో అప్పుడు పుట్టిన కోపం నేను ఎన్నడూ చూడలేదు.

కిష్టహరి ఇంకా గుండు మీద తువ్వాల కట్టుకుని ఉన్నాడు. లేచాడు.

“ఈసారా? ఈసారి అంటె ఎవలు చెల్లె? ఎవల్ని జూసి చెప్తున్నవ్? నా అవ్వ బూడిద ఇంక సల్లారలే. మా బాపు సావును ఓపిక అనుకొని మా అవ్వను తిన్నది నీ మిషిను. ఇప్పుడు మా సావును గూడ అది చెప్పినట్టే చెయ్యాల్నా? పీనుగు వాకిట్ల ఉంటె టకాటకా సాంచలు నడుపుకుంట పైసలు సంపాదించుకోవాల్నా? థూ!”

“అన్నా, నేను...”

“అన్నా అనకు. నువ్వు ఆ గదిల మనిషివి.”

హారిక తల వంచుకుంది. నేను ఆమె వైపు ఉండాలో కిష్టహరి వైపు ఉండాలో తెలియలేదు. ఇద్దరి మీదా కోపమే. అప్పుడు గమనించాను. ఒక్కొక్కరి కళ్లూ మెల్లగా మా వాకిట్లో మంచం వైపు తిరుగుతున్నాయి. మంచం మీద సత్తెవ్వ గోడకు ఆనుకుని దమ్ము తీస్తోంది.

“ఏందిరా, అందరు నన్నే సూస్తున్నరు?” అంది ఆమె. “వంతు నాదేనా?”

ఎవరికీ నవ్వు రాలేదు.

“ఆపకుంటె నాకేం పరేశాన్ లేదు. సాంచ చప్పుడు లేకుంటె నాకు నిద్రే పట్టదు, మీకు ఎర్కనే గద. ఈ మనిషి మాట్లాడడు, సాంచ అన్న మాట్లాడాలె.” నా వైపు చూసి, “ఏమయ్యా?” అంది.

నేను లేచి అక్కడి నుంచి వెళ్లిపోయాను.

*

మరుసటి పొద్దున హారికతో పాటు హైదరాబాదు బస్సు ఎక్కాను. దారంతా ఆమె కిటికీ వైపు, నేను రోడ్డు వైపు.

ఆ గది నిజంగా చల్లగా ఉంది. నా చొక్కాలో చెమట ఐసు నీళ్లలా అయింది. గోడ నిండా ఆకుపచ్చ గీతలు. పైకీ కిందికీ మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు కదులుతున్నాయి. పెద్దసారు చక్రపాణి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు. నేను కూర్చోలేదు.

“పెద్దయ్యా, మీ బాధ నాకు అర్థమైంది. మీ అమ్మాయి అంతా చెప్పింది. కానీ ఈ ఒక్క గల్లీకి నేను చెయ్యి పెడితే, రేపు పొద్దున ప్రతి పెద్దమనిషి ఇంటి నుంచీ ఫోన్ వస్తుంది. పాతరోజులే మళ్లీ వస్తాయి. దీనికి పక్షపాతం లేదు. అదే దీని గొప్ప.”

“పక్షపాతం లేదు, సరే. కండ్లు గూడ లేవు గద సారు.”

“వానలు పడ్డాక కమిటీ కూర్చుంటుంది. చావులు, పెళ్లిళ్లు, పండగలు, ఇట్లాంటివన్నీ దీనికి ఎట్లా చెప్పాలో చూస్తాం. నేను మాటిస్తున్నాను.”

“వానలు పడ్డంక మాకు ఫ్యానెందుకు సారు?”

హారిక నా పక్కన నిలబడి గోడ వైపు చూస్తోంది. నేనూ చూశాను. ఒక గీత మీద ఆమె కళ్లు నిలిచాయి. ఆమె చెప్పకపోయినా నాకు తెలిసింది.

“గదేనా మనది?”

“గదే బాపూ.”

అది మామూలుగా కదులుతోంది. అందులో కిష్టహరి సాంచ ఉంది. పక్కిళ్ల సాంచలు ఉన్నాయి. ఎక్కడో సన్నగా సత్తెవ్వ నెత్తిమీద ఫ్యాన్ ఉంది. వింతగా అనిపించింది, అంతదూరం నుంచి ఆమె ఊపిరిని గోడమీద చూడటం.

కిటికీ అవతల ఆకాశం మసకబారింది. ఎక్కడో దుమ్ము లేచింది కాబోలు. గోడమీద పైవరుసలో ఎర్రచుక్క వెలిగింది. గదిలో ఎవరూ కంగారు పడలేదు. ఎవరూ ఏ మీటా నొక్కలేదు. మా గీత పడిపోయింది.

అంతే. చప్పుడు లేదు. గీత పడటానికి చప్పుడు ఉండదు.

“అది మా సత్తెవ్వ ఫ్యాను,” అన్నాను.

గదిలో కుర్చీల వాళ్లందరూ నా వైపు తిరిగారు. ఒక పడుచుపిల్ల చేతిలో చాయ కప్పు ఉంది. కింద పెట్టేసింది. పెద్దసారు తల దించుకున్నాడు. తల దించుకుంటే గీత లేవదు.

నేను బయటికి నడిచాను. హారిక వెనుక పరుగెత్తుకుంటూ వచ్చింది.

*

ఇంటికి చేరేసరికి సత్తెవ్వ బతికే ఉంది. కిష్టహరి భార్య పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది. తడి తువ్వాల ఛాతీ మీద వేశారు. దవాఖానా బండి వస్తే ఎక్కనంది. “రేపు చూద్దాం” అంది.

రేపు మధ్యాహ్నం దాకా ఉంది. ఎండ మీద దుమ్ము కప్పింది, ఫ్యాన్ ఆగింది. నేను ఆమెను వాకిట్లోకి ఎత్తుకొచ్చాను. ఎప్పటిలాగే ఆకాశం వైపు చూసింది. దుమ్ము తప్ప ఏమీ లేదు అక్కడ. నా మణికట్టు పట్టుకుంది. ఏదో అనబోయింది. గాలి చాలలేదు.

అంతే.

హారిక నేలమీద కూలబడింది. నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. దాని జాగాలో కోపం కూర్చుని ఉంది, కదలడం లేదు.

కొంతసేపటికి కరెంటు వచ్చింది. గల్లీకి ఇంకా తెలియదు. సాంచలు మొదలయ్యాయి. టకాటకా. మా ఇంట్లో నా సాంచ కూడా మొదలైంది, స్విచ్చి వేసే ఉంది. కిష్టహరి గోడ మీదుగా తొంగి చూశాడు. చూసి, లోపలికి పోయాడు. వాడి సాంచ చప్పుడు నెమ్మదించింది.

“కిష్టహరీ!”

నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. వాడు బయటికి వచ్చాడు.

“ఆపకు.”

“కాకా?”

“ఆపకు అంటున్న. ఎవలు ఆపద్దు. గల్లి పొడుగు చెప్పు.”

వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “గదెట్ల కాకా? మా బాపుకు ఆపినం. మా అవ్వకు ఆపినం. చిన్నమ్మకు ఆపకుంటె... నా చెయ్యి ఎట్లొస్తది?”

“అందుకే. వాల్లకు ఆపినం అని అది ఈమెను తిన్నది. ఈమెకు ఆపితె ఇంకొకల్ని తింటది. నీ పెండ్లానికి నెలలు నిండినయి. దానికి చెప్పే మాట వేరే లేదు. అది ఇనేది తీగ ఒక్కటే. చెప్పురా. ఇగ వదలం అని చెప్పు.”

నా బతుకులో ఒక్కసారిగా అన్ని మాటలు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. దత్తాద్రి ఉంటే నవ్వేవాడు.

కిష్టహరి గోడకు నుదురు ఆనించి ఏడ్చాడు. ఏడ్చి, లోపలికి వెళ్లాడు. నెమ్మదించిన సాంచ మళ్లీ జోరందుకుంది. వాడు గల్లీలో నడుచుకుంటూ ఒక్కో వాకిట్లో ఆగి చెప్పాడు. “సత్తెవ్వ చిన్నమ్మ పోయింది. ఆపకుండ్రి.” కొందరు తిట్టారు. ఒక ముసలాయన స్విచ్చి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆపలేక, వదల్లేక అట్లాగే ఉండిపోయాడు. అయినా ఎవరూ ఆపలేదు.

ఆగిన సాంచ మీది బట్ట లేదు కాబట్టి కిష్టహరి నేసిన తానులోంచి తెల్లబట్ట చింపి తెచ్చాడు. మా గల్లీలో నడిచే సాంచల మధ్య కప్పిన మొదటి బట్ట అది. డప్పు కొట్టారు. డప్పు వినపడలేదు. ఏడ్చారు. ఏడుపు వినపడలేదు. నోళ్లు మాత్రం తెరుచుకుంటున్నాయి. ఆమె చెవి దగ్గర పేరు పిలవాలి కదా, పిలిచాను. నాకే వినపడలేదు.

హారిక పాడె దగ్గరికి వచ్చింది. ఆడపిల్ల భుజం పట్టదు అని ఎవరో అన్నట్టున్నారు, ఆ మాట కూడా చప్పుడులో పోయింది. ఆమె నా వెనుక భుజం పెట్టింది. గల్లీ నడుమ నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

“బాపూ, నొస్తుందా? మారుస్తరు. భుజం మార్చుకో.”

నేను తల అడ్డంగా ఊపాను. గల్లీ చివరిదాకా మార్చుకోలేదు. రెండువైపులా సాంచలు ఊగుతున్నాయి. ఒక్కొక్క సాంచ పక్కన ఒక్కొక్క మనిషి చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. పోగులు తెగుతున్నాయి. ఎవరూ అతకడం లేదు. ఆ రోజు మా గల్లీలో నేసిన బట్ట అంతా చిల్లులే.

*

ఇప్పుడు దినాలు కాలేదు ఇంకా. సత్తెవ్వ పోయిన చోట దీపం పెట్టాం.

తూకం మర్చిపోతోంది. హారిక చెప్పక్కరలేదు, నాకు తెలుస్తూనే ఉంది. నిన్న పొద్దు గుంకినాక గాలి ఆగింది. ఆకు కదలలేదు. మా గల్లీలో లైటు పోలేదు. మా ఫ్యాన్ ఆగలేదు. కిష్టహరి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“పోలేదు కాకా.”

“పోలేదు.”

“మరి ఎవలకు పోయింది?”

నేను లేచి నిలబడి చూశాను. పక్క బజారులో లైట్లు ఉన్నాయి. కొత్త కాలనీలో ఉన్నాయి. మానేరు అవతల, బీడీలు చుట్టే వాడలో, అంతా నల్లగా ఉంది. అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు. ఎవరో పోయి ఉంటారు, వాళ్ల మర్యాద ఏదో వాళ్లు చేసి ఉంటారు. ఏ దీపమో ఆర్పి ఉంటారు. అక్కడ గీత పడి ఉంటుంది. హైదరాబాదు గదిలో ఎవరో మెచ్చుకుని ఉంటారు.

హారిక పొద్దున్నే ఆ వాడకు పోయింది, చెప్పడానికి. ఉద్యోగానికి పోలేదు. మళ్లీ పోతుందో లేదో నేను అడగలేదు. ఆమెతో నేను ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. కానీ పోయేటప్పుడు మంచినీళ్ల సీసా నింపి ఇచ్చాను. “ఎండ ఉంది” అన్నాను.

సత్తెవ్వ దీపం ఊగుతోంది. ఫ్యాన్ గాలికి ఒత్తి అటూ ఇటూ పడుతోంది. దినాలయ్యేదాకా అది కొండెక్కకూడదు. గల్లీ ముసలవ్వలు వచ్చి, “ఫ్యాను బంద్ చెయ్యయ్యా, దీపం పోతది, పాపం” అంటున్నారు. ఇన్నాళ్లూ దీపం పెట్టిన ఇంట్లో ఫ్యాన్ ఆపేవాళ్లం. అదీ మర్యాదే.

ఆ మంచం ఖాళీ. దాని మీద ఫ్యాన్ తిరుగుతోంది, ఆమె బతికి ఉండగా తిరగాల్సిన ఫ్యాన్. దాన్ని చూస్తే నాకు పళ్లు పటపటమంటున్నాయి. లేచి స్విచ్చి దగ్గరికి వెళ్లాను. చెయ్యి పెట్టాను. తీశాను.

ఆమె కండెలు పోసుకునే చాట మూలన ఉంది. తెచ్చి దీపానికి అడ్డం పెట్టాను. ఒత్తి నిలబడింది.

ఫ్యాన్ ఆపను.